ఎగరేసిన కనుబొమ

వరదలక్ష్మికి మనుషుల మొహాలు చదివే విద్య పురసవాక్కంలో, వాళ్ళ నాయన రవికె గుడ్డల కొట్లో అబ్బింది. బడి నుంచి వచ్చాక గల్లాపెట్టె పక్కన ఎత్తుబల్ల మీద కూర్చుని, మెట్లెక్కి వచ్చే ఆడవాళ్ళను చూస్తూ ఉండేది. ఎవరు కొంటారో, ఎవరు తానులన్నీ విప్పించి ఊరికే దిగిపోతారో నాయన మునిరత్నం శెట్టికి వాళ్ళు లోపలికి అడుగు పెట్టకముందే తెలిసిపోయేది. "ఆమె కొనదులే. సంచి ఎట్ల అదిమి పట్టుకోనుందో చూడు," అని కూతురి చెవిలో చెప్పేవాడు. చెప్పి, అదే నోటితో "రాండమ్మా, ఈడ కూర్చోండి, కొత్త సరుకు వచ్చుండాది," అని వంగి వంగి పిలిచేవాడు.

పదేళ్ళొచ్చేసరికి కూతురికి ఆ విద్య పట్టుబడింది. దాంతోపాటే ఇంకొకటి కూడా పట్టుబడింది. గుడ్డలు విప్పించి పోయే ఆడవాళ్ళంటే ఆ పిల్లకి ఎంత చులకనో, వాళ్ళ ముందు వంగే నాయనంటే అంతకన్నా చులకన. 

నాయన తర్వాత కొట్టు ఆమె తమ్ముడు వెంకట్రామ్ చేతికి వచ్చింది. అతను దాన్ని మూడంతస్తులకు పెంచి, ఏసీలు పెట్టించి, గుమ్మంలో పట్టుచీర కట్టిన ఒక మరబొమ్మను నిలబెట్టాడు. అది పొద్దస్తమానం వచ్చేపోయేవాళ్ళకు చేతులు జోడించి తల వంచుతూ ఉంటుంది. నాయన నడుం నొప్పితో చేసిన పనిని తమ్ముడు కరెంటుతో చేయిస్తున్నాడని వరదలక్ష్మి అంటుంది. తమ్ముడి ఎదుటే అంటుంది. అతను నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకు ఇంకా ఒళ్ళు మండుతుంది.

ఆమె బొమ్మలు వెయ్యాలనుకుంది. కొన్నాళ్ళు వేసింది. అవి ఎంత పేలవంగా ఉన్నాయో అందరికంటే ముందు ఆమెకే తెలిసింది. రంగులపెట్టె పనిమనిషి కూతురికి ఇచ్చేసి, బొమ్మల చరిత్ర చదివి, ఊరి నడిమధ్యనున్న ఒక ఆడపిల్లల కాలేజీలో లెక్చరరుగా చేరింది. ఆ కాలేజీలోనే జుట్టు నెరిసింది. ప్రిన్సిపాళ్ళు మారారు, ఫ్యాన్లు మారాయి, స్లైడ్ల మిషను పోయి ప్రొజెక్టరు వచ్చింది. సహోద్యోగులను ఆమె రెండు రకాలుగా విభజించుకుంది: ఏమీ తెలియనివాళ్ళు, తెలిసినట్టు కనబడేవాళ్ళు. రెండోరకం వాళ్ళతో కలిసి కాఫీ తాగేది కాదు. మొదటిరకం వాళ్ళు ఆమెతో తాగడానికి భయపడేవాళ్ళు.

అయినా కాలేజీలో ఆమెకొక పేరుంది. అది ఒక్క పాఠంతో వచ్చిన పేరు.

ఉత్తర ఇటలీలో ఒక చిన్న ఊరి మ్యూజియంలో, ఐదొందల ఏళ్ళనాటి ఒక ఆడమనిషి చిత్రం ఉంది. ఎవరు వేశారో తెలియదు. ఆమె ఎవరో తెలియదు. నల్లటి వెనకతెర ముందు కొంచెం పక్కకు తిరిగి కూర్చుని ఉంటుంది. ఒంటిమీద ముదురాకుపచ్చ పట్టు, భుజాల దగ్గర ఉబ్బి, మోచేతుల దగ్గర చీలికల్లోంచి తెల్లని గుడ్డ బయటికి కనిపించే చేతులు. కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని ఉంటుంది. మెడలో ఒకటే ముత్యాల పేట. ఎడమ కనుబొమ కుడిదానికన్నా ఒక గీత పైకి లేచి ఉంటుంది. పెదవి మూల లోపలికి నొక్కుకుని ఉంటుంది. పిల్లలు ఆమెకు 'పచ్చ రవికె ఆంటీ' అని పేరు పెట్టారు. పెద్ద చిత్రకారులు వేసిన పెద్ద చిత్రాలు పుస్తకంలో ఎన్నో ఉండగా, వరదలక్ష్మి ప్రతి ఏడూ ఈ అనామకురాలినే తెర మీద పెట్టేది. పెట్టి, "ఈమె మనసులో ఏముంది?" అని అడిగేది.

పిల్లలు చెప్పేవాళ్ళు. దిగులుగా ఉంది మేడం. మొగుడు యుద్ధానికి పోయాడేమో మేడం. సిగ్గుపడుతోంది మేడం. ఎవర్నో ప్రేమించింది మేడం. వరదలక్ష్మి అందరినీ చెప్పనిచ్చేది. ఒక్కొక్కరు చెప్పినప్పుడు ఆమె ఎడమ కనుబొమ ఒక గీత పైకి లేచేది. ఆ కదలిక పుట్టుకతో వచ్చిందో, తెరమీది మనిషి దగ్గర నేర్చుకుందో ఆమెకే తెలియదు. అందరూ చెప్పడం అయ్యాక తెర దగ్గరికి వెళ్ళి కర్ర ఎత్తేది.

"ఎవర్నో ప్రేమించిందా, మొగుడు యుద్ధానికి పోయాడా, అవన్నీ మీరు చూసే సీరియళ్ళు. బొమ్మలో ఉన్నది మాత్రమే చెప్పండి. ఆ కాలంలో ఆడదాని చిత్రం ఎవరు వేయించేవాళ్ళు? నాన్న, లేకపోతే మొగుడు. ఎందుకు? మా ఇంట్లో ఇంత మంచి పట్టు ఉంది, ఇన్ని ముత్యాలున్నాయి, ఇదిగో ఇట్లాంటి మనిషి కూడా ఉంది అని చూపించుకోవడానికి. ఆమెకు ఆ సంగతి తెలుసు. మెడ నిటారుగా ఉంది, చూపు మాత్రం కిందికి దిగుతోంది. అంటే ఎదుటివాడు ఆమెకంటే తక్కువ. మణికట్టును ఎట్లా పట్టుకుందో చూడండి. తన్ను తానే అదుపులో పెట్టుకుంది, ఇంకొకరికి ఆ అవకాశం ఇవ్వలేదు. ఆ పెదవి మూల చూడండి. డబ్బిచ్చిన మొగుణ్ణి, రంగు పూసేవాణ్ణి, ఇన్ని వందల ఏళ్ళ తర్వాత బబుల్‌గమ్ నములుతూ చూస్తున్న మిమ్మల్ని, అందర్నీ కలిపి ఒకే చూపు చూసింది. దాని పేరు తృణీకారం. రాసుకోండి."

పిల్లలు రాసుకునేవాళ్ళు. బబుల్‌గమ్ ఉంటే మింగేసేవాళ్ళు. ఆ రోజు గంట మోగినా వెంటనే లేచేవాళ్ళు కాదు. ఎప్పుడో చదువుకుని వెళ్ళినవాళ్ళు చంకలో పిల్లల్తో కనబడి, "మేడం, పచ్చ రవికె ఆంటీ ఇంకా మర్చిపోలేదు," అనేవాళ్ళు. అది మాత్రం వరదలక్ష్మికి బాగుండేది. బయటికి కనబడనిచ్చేది కాదు.

ఇంట్లో ఆమె భర్త శ్రీనివాస ఉంటాడు. పారిస్ కార్నర్ దగ్గర ఒక హోల్‌సేల్ కాగితాల కంపెనీలో లెక్కలు రాసి రిటైరయినవాడు. ఆ మొహంలో చదవడానికి ఏమీ లేదని పెళ్ళిచూపుల నాడే ఆమె తేల్చేసింది. అందుకే ఒప్పుకుంది. పగలంతా మొహాలు చదివి ఇంటికొస్తే, చదవక్కర్లేని మొహం ఒకటి ఎదురుగా ఉండటం ప్రాణానికి హాయి అనుకుంది. వాళ్ళకు పిల్లలు కలగలేదు. దాని గురించి చుట్టాలు పెళ్ళిళ్ళలో జాలిగా చూసినప్పుడు ఆమె కనుబొమ ఎగరేసేది, వాళ్ళు వేరే మాటలోకి పోయేవాళ్ళు. శ్రీనివాస మాత్రం వాళ్ళ పక్కనే కూర్చుని రెండోసారి పాయసం అడిగేవాడు.

ఇంకో ఏడాదిలో రిటైరవుతుందనగా, రంజిత అనే పిల్ల క్లాసులోకి వచ్చింది. తొండియార్‌పేట నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. తండ్రి హార్బరులో క్రేను నడుపుతాడు. ఇంట్లో తెలుగే గాని సగం తమిళం కలిసిన తెలుగు. మొదటి టెస్టులో వరదలక్ష్మి ఎప్పటిలాగే, పాఠం చెప్పకముందే, పచ్చ రవికె ఆమె చిత్రం ఇచ్చి మనఃస్థితిని, స్వభావాన్ని వివరించమని అడిగింది. అందరూ రెండేసి పేజీలు దిగులూ ప్రేమా నింపారు. రంజిత మూడే మూడు వాక్యాలు రాసింది. ఆమె మొహంలో నాకేమీ కనబడలేదు. వేసేవాళ్ళు వేస్తుంటే ఊరికే కూర్చుని ఉంది. ఎప్పుడు లేవమంటారా అని చూస్తోంది.

వరదలక్ష్మికి తిక్క రేగింది. తప్పుగా చూసినవాళ్ళను ఆమె సహించగలదు, వాళ్ళ మీద పాఠం నడుస్తుంది. చూడనే చూడనివాళ్ళను సహించలేదు. ఆ కాగితం క్లాసులో చదివి వినిపించింది. పిల్లలు నవ్వారు.

"లేచి నిలబడు. ఏం కనబడలేదా నీకు?"

రంజిత నిలబడింది. "సుమ్మా కూర్చోని ఉండాది మేడం," అంది. ఊరికే కూర్చుంది అనే మాటకి ఆ పిల్లకు నోట్లో వచ్చిన మాట అదే.

"సుమ్మా కూర్చున్నవాళ్ళను ఐదొందల ఏళ్ళు ఎవరూ గోడకు తగిలించుకోరమ్మా. నువ్వు సుమ్మా కూర్చుని ఉన్నావు ఈ క్లాసులో. ఆమె కాదు."

పిల్లలు మళ్ళీ నవ్వారు. రంజిత కూర్చుంది. టెస్టులో సున్నా వచ్చింది. నెల తిరక్కముందే కామర్సుకు మార్చుకుని వెళ్ళిపోయింది. ఒక మొద్దు తగ్గిందని వరదలక్ష్మి స్టాఫ్‌రూమ్‌లో అంది.

ఆ స్టాఫ్‌రూమ్‌లో ఆమెకు ఎదురు బల్ల మధుసూదన్‌ది. విజయవాడ వైపు నుంచి వచ్చి చేరిన కుర్ర లెక్చరరు. చేనేత కుర్తాలు, చెక్క పూసల గొలుసు, ఎప్పుడూ ఎవరో ఒకరితో ఫోన్లో 'వర్క్‌షాపు' అనే మాట. తెలిసినట్టు కనబడే రకంలో ఇంత పూర్తి నమూనా ఆమె ఇంతవరకూ చూడలేదు. అతను ఒకరోజు కుర్చీ లాక్కుని దగ్గరికి వచ్చాడు.

"మేడంగారూ, షోళింగనల్లూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు అడుగుతున్నారండీ. మేనేజర్లకి ఒక పూట ప్రోగ్రాం. రినైసాన్స్ పోర్ట్రెయిట్ చూసి మనిషి మూడ్ ఎలా పట్టుకోవాలి అని. మీ పచ్చ రవికె క్లాసు చెప్పారనుకోండి, వాళ్ళు పడిపోతారండీ."

"వాళ్ళకు ఎందుకది?"

"ఎదుటివాళ్ళ మొహం చదవడం లీడర్‌షిప్‌కి అవసరం అని వాళ్ళ హెచ్‌ఆర్ ఆయన విజయకుమార్ ఫీలింగండీ."

ఒప్పుకోకూడదనే అనుకుంది. కానీ ఆ క్లాసును మధుసూదన్ తనే చెబుతాడేమోనన్న అనుమానం వచ్చింది. చెప్పగలడు కూడా, ఆమె మాటలే ఎత్తుకుని. అందుకని ఒప్పుకుంది.

వాళ్ళ హాలులో తెర పెద్దదని, స్పష్టమైన బొమ్మ కావాలని చెప్పారు. ఆమె దగ్గరున్నది ఎప్పటిదో పుస్తకంలోంచి తీసిన ఫోటో. ఒక ఆదివారం మధ్యాహ్నం కంప్యూటరు ముందు కూర్చుని ఆ మ్యూజియం పేజీ వెతికింది. దొరికింది. పేజీ తెరుచుకోగానే వేరే చిత్రం వచ్చిందనుకుంది. అదే పచ్చ పట్టు, అవే ముత్యాలు, అదే చెయ్యి. మొహం మాత్రం ఎవరిదో.

కింద ఇటాలియన్‌లో పెద్ద వ్యాసం ఉంది. దాన్ని ఇంగ్లీషులోకి తిప్పుకుని చదివింది. కిందటేడు చిత్రాన్ని శుభ్రం చేశారట. ఎక్స్‌రే తీస్తే మొహం మీద రెండో పొర కనబడిందట. నూటయాభై ఏళ్ళ కిందట దీన్ని అమ్మిన దళారి ఒకడు ఎవరో పనివాడి చేత కనుబొమ ఎత్తించాడు, పెదవి మూల నొక్కించాడు, కంటిచూపు కిందికి దింపించాడు. బయటిదేశాల కొనుగోలుదార్లు అప్పట్లో పొగరుబోతు దొరసానుల్ని ఇష్టపడేవాళ్ళట. ఆ పొరను దూదితో, మందుతో, కొంచెం కొంచెంగా తుడిచి తీసేశారు.

కింద ఉన్న మనిషికి కనుబొమలు సమంగా ఉన్నాయి. పెదవులు కొద్దిగా విడివడి ఉన్నాయి. పెదవి పక్కన ఒక పుట్టుమచ్చ ఉంది. కంటి కింద కాస్త వాపు. చూపు ఎవరి మీదా లేదు, పక్కన ఎక్కడో ఉంది. వరదలక్ష్మి బొమ్మను పెద్దది చేసి చూసింది, చిన్నది చేసి చూసింది. దిగులు ఉందా అంటే లేదు. గర్వమూ లేదు. మణికట్టు పట్టుకున్న చెయ్యిని ఎవరూ ముట్టుకోలేదని వ్యాసంలో స్పష్టంగా ఉంది. ఇన్నేళ్ళూ ఆ చేతిలో తను చూసిన పట్టుదల ఇప్పుడు కనబడటం లేదు. ఒకచోట కదలకుండా చాలాసేపు కూర్చోవలసి వస్తే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మనిషి పెట్టుకునే తీరు అది. 

ఆమెకు మొదట వచ్చింది కోపం. ఆ దళారి మీద కాదు, శుభ్రం చేసినవాళ్ళ మీద. బాగున్నదాన్ని గీకి ఈ ముద్దమొహాన్ని తీశారనుకుంది. తర్వాత, ఎవరో పేరు లేని పనివాడు సరుకు అమ్ముడుపోవడానికి పూసిన పూతను పట్టుకుని తను ఇన్నేళ్ళు క్లాసు చెప్పానని అర్థమైంది. లేచి వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగింది. శ్రీనివాస బల్ల దగ్గర బీన్స్ తుంచుతున్నాడు. ఆమె గ్లాసు కడిగి పెట్టి తిరిగి వచ్చేసింది.

షోళింగనల్లూరుకు వెళ్ళే ముందు ఆమెకు మూడు రోజులు టైముంది. ఆ మూడు రోజుల్లో మధుసూదన్‌కి ఫోన్ చేసి రాను అనొచ్చు. లేదా రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి జరిగింది చెప్పొచ్చు. అది ఇంకా మంచి పాఠం అవుతుందని కూడా ఆమెకు తోచింది. కానీ ఎవరికి చెప్పాలి? మెడలో గుర్తింపు బిళ్ళలు వేలాడేసుకుని ఒకరి వెనక ఒకరు లిఫ్టు దిగే జనానికా? వాళ్ళకు ఈ మొహమైతేనేం, ఆ మొహమైతేనేం. ఆమె పాత బొమ్మే తీసుకువెళ్ళింది.

హాలు చల్లగా, కార్పెట్టు వాసనతో ఉంది. అరవైమంది దాకా వచ్చారు. సగంమంది ఒళ్ళో ల్యాప్‌టాపులు. విజయకుమార్ ఆమెను పరిచయం చేస్తూ పేరు తప్పు పలికాడు. ఆమె సరిదిద్దలేదు. బొమ్మ తెర మీదికి వచ్చింది, ఆరడుగుల మొహం, ఎగరేసిన కనుబొమ. ఎవరో చెప్పారు, ఈమె అప్రైజల్‌లో తక్కువ రేటింగ్ వచ్చినట్టు చూస్తోంది అని. అందరూ నవ్వారు. వరదలక్ష్మి తన పాఠం మొదలుపెట్టింది. పట్టు, ముత్యాలు, మొగుడి డబ్బు, మెడ, చూపు, మణికట్టు, పెదవి మూల. ఒక్క మాట మార్చలేదు. ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదేమో కూడా. ల్యాప్‌టాపులు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. అబద్ధమని తెలిసి చెబుతున్నప్పుడు ఎక్కడా తడబడక్కర్లేదని ఆమె కనిపెట్టింది. నమ్మి చెప్పినన్నాళ్ళూ అక్కడక్కడ తడబడేది.

చప్పట్లు చాలాసేపు కొట్టారు. ప్రశ్నలేమైనా ఉన్నాయా అంటే ముందువరసలో ఒకతను లేచాడు. ఈ చూపును క్లయింటు దగ్గర బేరం ఆడేటప్పుడు వాడొచ్చా మేడం, దీన్ని ప్రాక్టీస్ చేసే పద్ధతి ఏదైనా ఉందా అని అడిగాడు. తర్వాత ఐదారుగురు ఆమె పక్కన నిలబడి, తెరమీది మనిషిలాగా కనుబొమ ఎగరేసి సెల్ఫీలు తీసుకున్నారు. ఒక్కరికీ సరిగ్గా రాలేదు. రెండు కనుబొమలూ కలిసి లేచి, కారం తిన్నవాళ్ళలాగా ఉన్నారు. వాళ్ళకు ఏది చెప్పినా చెల్లుతుందని ఆమె అనుకున్నది నిజమైంది. కారులో ఎక్కాక అది తలుచుకుంది. చెల్లనిచ్చినవాళ్ళకన్నా, తెలిసీ చెల్లుబాటు చేసిన తనే ఆ హాల్లో చవకబారుదన్న ఆలోచన వచ్చి, టోల్‌గేటు దాటినా పోలేదు.

ఇంటికి వచ్చి రెండు బొమ్మలూ కంప్యూటరులో పక్కపక్కన పెట్టి భర్తను పిలిచింది. అతను కళ్ళజోడు తుడుచుకుని వంగి చూశాడు.

"ఏం కనబడతా ఉంది మీకు?"

"ఇద్దరూ ఒకే రవికె వేసుకోనుండారు."

"మొహం చూడండి."

ఇంకోసారి చూశాడు. "మొదటామె ఎవురినో తిట్టబోతా ఉంది. ఈమె ఏం చేస్తా ఉందో తెలీలా."

వరదలక్ష్మి కుర్చీ వెనక్కి జరిపింది. ఎప్పుడూ అడగని మాట అడిగింది. "పెళ్ళిచూపుల్లో నన్ను చూసినప్పుడు మీకేమనిపించింది?"

శ్రీనివాస దాచిపెట్టుకున్నట్టు ఏమీ లేకుండా చెప్పాడు. "బయమేసింది. మా అమ్మతో వద్దనే చెప్పినా. ఆమె వినలే."

"తర్వాత?"

"తర్వాతేముండాది. అలవాటయిపోయె." కళ్ళజోడు జేబులో పెట్టుకుని, "అన్నం పెట్టేస్తావా, నేనే పెట్టుకునేదా?" అన్నాడు.

చదవడానికి ఏమీ లేదని తను పక్కన పెట్టిన ఆ మొహం పెళ్ళిచూపుల నాడే తనను వద్దనుకుందని ఆమెకు ఇప్పుడు తెలిసింది. నవ్వాలో మండిపడాలో తేలలేదు. అన్నం ఆమే పెట్టింది. ఆ తర్వాత కొన్నాళ్ళపాటు అతను పేపరు చదువుతున్నప్పుడు, కాళ్ళు కడుక్కుంటున్నప్పుడు దొంగచాటుగా ఆ మొహం వైపు చూసింది. ఏమీ దొరకలేదు. ఆమెకు అది పెద్ద అవమానంగా తోచింది.

మిగిలింది రంజిత. ఆ మూడు వాక్యాలు వరదలక్ష్మిని వదలడం లేదు. రంజిత సరిగ్గా చూసిందా? లేదు, చూసే వీల్లేదు. ఆ పిల్ల ముందున్నది పూత వేసిన మొహమే, అందులో ఎగరేసిన కనుబొమ గుడ్డివాళ్ళకు కూడా కనిపిస్తుంది. కనిపించేది చూడలేక, కింద ఉన్నది చెప్పేసింది. అది ఎట్లా సాధ్యమో ఆమెకు అంతుపట్టలేదు. కామర్సు బ్లాకుకు కబురంపి ఆ పిల్లను స్టాఫ్‌రూమ్‌కు పిలిపించింది. మధుసూదన్ ఫోన్లో ఉన్నాడు. రంజిత బల్లకు రెండడుగుల దూరంలో నిలబడింది.

"ఈడ రామ్మా. ఈ బొమ్మ చూడు."

రంజిత వంగి, శుభ్రం చేసిన మొహాన్ని చూసింది. "ఎవురు మేడం?"

"గుర్తుపట్టలా? నీ టెస్టులో ఇచ్చిందే. పైన ఎవరో వేసిన రంగు తీసేసినారు. నువ్వు రాసినట్టే ఉండాది. సుమ్మా కూర్చోని ఉండాది."

రంజిత గోడ గడియారం వైపు చూసింది.

"ఆ పొద్దు నీకు ఎట్ల తెలిసింది?"

"నాకేం తెలీదు మేడం. ఏం రాయాలో తోచలే. మా అక్క పెళ్ళికి స్టూడియోలో అందరం కూర్చున్నాం, చాలాసేపు కూర్చోబెట్టినారు. అదే రాసినా." సంచి భుజానికి సర్దుకుని, "పోయేదా మేడం? కాస్ట్ అకౌంటింగ్ క్లాసుకు లేటైతే లోపలికి రానియ్యరు," అంది.

"ఆ సున్నా మారుస్తాను."

"వద్దు మేడం. ఇప్పుడు ఆ పేపరు నాకు లేదు కదా."

ఆ గొంతులో పౌరుషం ఉందేమోనని వరదలక్ష్మి వెతికింది. ఉన్నా బాగుండేది, క్షమించమని అడగడానికి అందులో చోటుండేది. ఆ పిల్లకు నిజంగానే అవసరం లేదు. క్లాసు ముందు నిలబెట్టి నవ్వించిన సంగతి గుర్తుందో లేదో కూడా తెలియలేదు. "తప్పు నాదిలే," అని మాత్రం అనగలిగింది. "సరి మేడం," అని రంజిత వెళ్ళిపోయింది. ఆ 'సరి' ఏ అర్థంతో అందో ఆమె చదవలేకపోయింది.

మరుసటి వారం క్లాసులో రెండు బొమ్మలూ చూపించింది. మెత్తగా చెప్పడం ఆమెకు చేతకాదు. ఎప్పటి గొంతుతోనే చెప్పింది. "నేను మీకు తృణీకారం అని చెప్పినది ఒక దళారి డబ్బిచ్చి పూయించిన రంగు. ఇన్నేళ్ళు దాన్నే చెప్పాను. మీకు ముందు చదివినవాళ్ళందరికీ అదే చెప్పాను. ఒక్కళ్ళూ ఎదురు అడగలేదు, అది మీ తెలివి. నేనూ అడగలేదు, అది నా తెలివి. ఈ రెండో మొహంలో ఏముందో నాకు తెలియదు. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి."

ఆమె ఎదురుచూసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి, జవాబు చేతిలో పెట్టుకోకుండా అడిగిన ప్రశ్న అది. వెనక బెంచీలో వల్లి అనే పిల్ల చెయ్యెత్తింది. ఎప్పుడూ ఫస్టు మార్కు వచ్చే పిల్ల.

"మేడం, యూనివర్సిటీ పరీక్షలో ఏది రాయాలి?"

వరదలక్ష్మి ప్రొజెక్టరు ఆపేసింది. "పాతదే రాయండి," అంది. "ప్రశ్నపత్రం ఎప్పుడో అచ్చయిపోయింది."

మధుసూదన్ ఇంకో కంపెనీ కబురు తెచ్చాడు. రెండు బొమ్మలూ చూపిస్తానంటేనే వస్తానంది. "అలా అయితే మెసేజ్ కలగాపులగం అయిపోద్దండీ," అన్నాడు. తర్వాత అతనే వెళ్ళి, పాత బొమ్మతో, ఆమె మాటలతో ఆ పూట నడిపించి వచ్చాడు. బాగా జరిగిందని ఆమెకే చెప్పాడు. ఆమె కనుబొమ ఎగరేయబోయి, మానేసి, కాఫీ కప్పు కడుక్కోవడానికి లేచింది.

ఆ వేసవిలో, రిటైరయ్యే ముందు, ఆమె దిద్దిన చివరి కట్టలో పచ్చ రవికె ఆమె ప్రశ్న ఉంది. జవాబులు అన్నీ ఒకటే. మెడ నిటారుగా ఉంది, చూపు కిందికి దిగుతోంది, తన్ను తానే అదుపులో పెట్టుకుంది, ఇంకొకరికి ఆ అవకాశం ఇవ్వలేదు. పేజీ తర్వాత పేజీ తన గొంతే, రకరకాల చేతిరాతల్లో. ఒకమ్మాయి బబుల్‌గమ్ మాట కూడా రాసింది. వరదలక్ష్మి ఎర్ర పెన్ను మూత తీసింది. కొట్టేయడానికి లేదు. ప్రశ్నతోపాటు జవాబులు ఎట్లా ఉండాలో యూనివర్సిటీకి ఎప్పుడో రాసి పంపింది తనే. కాబట్టి అందరికీ మంచి మార్కులు వేసింది. వల్లికి అందరికన్నా ఎక్కువ వచ్చాయి.